నరం వైరు కాదట! పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో తిమ్మిర్ల గురించి రాస్తూ, నరం కరెంటు వైరులాంటిది, చర్మంలో జరిగింది మెదడుకి చేరవేస్తుంది, అంతే అని ఒక వాక్యం రాసేశాను. రాసేటప్పుడు బాగానే ఉందనిపించింది. తీరా చూస్తే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ వాక్యం మీదే. చాలామంది మర్యాదగానే అడిగారు, ఒకాయన మాత్రం "వైరు వెళ్ళే గోడకి వాపు రావడం ఎక్కడైనా చూశారా డాక్టరు గారూ?" అని రాశారు. చురక తగిలింది, తగలాల్సిందే. వైరు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈసారి ప్రశ్నలన్నీ నరాలకీ, రోగనిరోధక కణాలకీ మధ్య నడిచే వ్యవహారం మీదే ఏరాను.

ప్రశ్న: డాక్టరు గారూ, దోమ కుట్టిన చోట ఊరుకుంటే అరగంటలో తగ్గిపోతుంది, గోకితే మాత్రం దద్దురు రెండింతలవుతుంది. దోమ ఎక్కించిన విషం అంతే కదా, గోకినందుకు కొత్తగా ఏం చేరింది అక్కడ? గోకితే అంత హాయిగా ఎందుకుంటుంది మరి?

జవాబు: గోకమని ఏ డాక్టరూ చెప్పడు, గోకకుండా ఏ డాక్టరూ ఉండడు. ముందు ఒక చిన్న పని చేయండి. ముంజేతి లోపలి వైపు, పెన్ను మూతలాంటి మొద్దు కొసతో, కాస్త గట్టిగా ఒక గీత గీయండి. చర్మం చిట్లకూడదు సుమా. కొన్ని సెకన్లలో గీసినంత మేరా ఎర్రబడుతుంది. అర నిమిషం ఆగి చూడండి, ఆ ఎరుపు గీత దాటి అటూ ఇటూ పాకుతుంది, మీరు అసలు ముట్టుకోని చోటికి కూడా. గట్టిగా గీసి ఉంటే కొద్ది నిమిషాల్లో గీత వెంబడి సన్నగా పొంగు లేస్తుంది. నల్లటి చర్మం మీద ఎరుపు అంతగా కనపడదు, వేలి వెనక వైపుతో తాకి చూస్తే వెచ్చదనం తెలుస్తుంది.

ఈ మూడింటినీ థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు 1920లలో ఓపిగ్గా గమనించి రాశాడు. గీసిన చోట ఎర్రబడిందంటే సరే, ముట్టుకోని చోటు ఎందుకు ఎర్రబడాలి? ఇదీ ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. నరం తెగి, తెగిన ముక్క చర్మంలో పూర్తిగా చచ్చిపోయాక అక్కడ గీస్తే, గీత ఎర్రబడింది, పొంగు లేచింది, పక్కకి పాకే ఎరుపు మాత్రం రాలేదు. అదే నరం కొత్తగా తెగినప్పుడు, అంటే వెన్నుపాముతో సంబంధం పోయినా చర్మంలోని కొసలు ఇంకా బతికి ఉన్న రోజుల్లో, ఆ ఎరుపు ఎప్పటిలాగే పాకింది. అంటే దానికి మెదడుతో పనిలేదు, వెన్నుపాముతోనూ పనిలేదు. నరం కొస చర్మంలో చెట్టుకొమ్మలా చీలి ఉంటుంది కదా, ఒక కొమ్మ మీదుగా పైకి వెళ్ళిన సంకేతం చీలిక దగ్గర మళ్ళి పక్క కొమ్మలోకి కూడా దిగుతుంది. దిగి, అక్కడి రక్తనాళాల దగ్గర కొన్ని రసాయనాలు వదులుతుంది. నేను వైరు అన్నది దీన్నే!

ఆ రసాయనాల్లో రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒకటి సబ్‌స్టెన్స్ పి, 1931లో దొరికింది. రెండోది సీజీఆర్‌పీ, 1980లలో దొరికింది. సీజీఆర్‌పీ రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, అందుకే ఎరుపు, వెచ్చదనం. సబ్‌స్టెన్స్ పి నాళాల గోడల్ని కాస్త వదులు చేసి నీరు బయటికి ఊరేలా చేస్తుంది, అందుకే వాపు. అంతటితో ఆగకుండా పక్కనే కాపు కాసే మాస్ట్ కణాల్ని కూడా తట్టి లేపుతుంది. మాస్ట్ కణాలంటే పొట్టనిండా హిస్టమిన్ (దురద, వాపు పుట్టించే రసాయనం) సంచులు పెట్టుకుని చర్మంలో నరాల కొసల దగ్గర, రక్తనాళాల దగ్గర కూర్చునే రోగనిరోధక కణాలు. ఊరికే కూర్చుంటాయి, తట్టారా, సంచులు గుమ్మరిస్తాయి.

ఇప్పుడు మీ దోమ సంగతి. దోమ లాలాజలంలో ఉన్న ప్రోటీన్లని గుర్తుపట్టి మాస్ట్ కణాలు మొదటి విడత హిస్టమిన్ వదులుతాయి, అది దురద నరాల్ని కదిలిస్తుంది. దోమ వాటా అంతే, దాని పని అక్కడితో అయిపోయింది. మీరు గోకారు. గోకడమంటే చిన్న నొప్పి పెట్టడమే, ఆ నొప్పి వెన్నుపాము దగ్గర దురద సంకేతాన్ని కాసేపు తొక్కిపెడుతుంది, అదే మీకు దొరికే హాయి. కానీ అదే నొప్పి నరం చర్మంలో సబ్‌స్టెన్స్ పి కూడా వదిలింది, అది మాస్ట్ కణాల్ని రెండోసారి లేపింది, రెండో విడత సరుకు దిగింది. కొత్తగా చేరిందేమిటని అడిగారు కదా, ఇదే చేరింది. దోమ తెచ్చింది కాదు, మీ నరం ఇచ్చింది.

దీన్ని 2025లో ఎలుకల మీద చేసి చూపించారు. వాటి చెవుల మీద అలర్జీ పుట్టించే పదార్థం రాసి, కొన్నిటిని గోక్కోనిచ్చారు, కొన్నిటి మెడకి గోక్కోవడానికి వీల్లేకుండా గరాటులాంటి పట్టీ కట్టారు. పట్టీ కట్టిన వాటి చెవులు చాలా తక్కువ వాచాయి. నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి: గోక్కున్న వాటి చర్మం మీద స్టాఫ్ అనే బ్యాక్టీరియా తగ్గింది. అంటే గోకుడు ఉత్త వెధవ అలవాటేమీ కాదు, ఎంతో కొంత క్రిములని తరిమే పని కూడా చేస్తుందన్నమాట. ఇది చదివి పిల్లలని గోక్కోమని వదిలేయకండి, ఎగ్జిమా ఉన్నవాళ్ళలో గోకుడు వల్ల చర్మం చిట్లే నష్టం ఈ లాభం కంటే చాలా పెద్దది. దోమకాటుకైతే చల్లటి గుడ్డ పది నిమిషాలు అద్దండి. చల్లదనం కూడా నరాల ద్వారానే దురదని తొక్కిపెడుతుంది, పైగా సబ్‌స్టెన్స్ పి విడుదల చేయించదు.

ప్రశ్న: మా పాపకి ఎగ్జిమా. అలర్జీ మాత్ర వేస్తే దద్దుర్లు తగ్గినవాళ్ళని చూశాను, దీనికి వేస్తే నిద్ర వస్తోంది గానీ దురద పోవట్లేదు. మాత్ర మంచిది కాదా, మోతాదు చాలట్లేదా?

జవాబు: మాత్రది తప్పేమీ లేదు తల్లీ, తాళం వేరు, తాళంచెవి వేరు. అలర్జీ మాత్ర హిస్టమిన్‌ని మాత్రమే అడ్డుకుంటుంది. ఎగ్జిమా దురదలో హిస్టమిన్ వాటా చాలా తక్కువ. అక్కడ రోగనిరోధక టీ కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-31, ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే పదార్థాలు నేరుగా దురద నరాల మీదే పనిచేస్తాయి. ఇవి రోగనిరోధక కణాలు తమలో తాము మాట్లాడుకునే మాటలని చాలా ఏళ్ళు అనుకున్నాం. తీరా చూస్తే ఆ మాట వినే చెవులు, అంటే గ్రాహకాలు, నరాల మీద కూడా ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్-31 తగిలితే నరం అప్పటికప్పుడు దురద కబురు పంపుతుంది, ఇంటర్‌ల్యూకిన్-4 అయితే నరాన్ని ఎంత చిరాగ్గా తయారుచేస్తుందంటే బట్ట తగిలినా దురద పుడుతుంది.

అందుకే ఈమధ్య వచ్చిన మందులు ఆ చెవుల్నే మూస్తున్నాయి. డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ 4, 13 రెండూ వాడుకునే గ్రాహకాన్ని మూస్తుంది, అమెరికాలో 2017లో ఎగ్జిమాకి అనుమతి వచ్చింది. నెమోలిజుమాబ్ అనేది 31 గ్రాహకాన్ని మూస్తుంది. మీ పాపకి ఇవి అవసరమా లేదా అన్నది తనని చూసిన చర్మ వైద్యులే తేల్చాలి, చాలామంది పిల్లలకి అంత దూరం వెళ్ళనక్కర్లేదు, స్నానం అయిన వెంటనే ఒళ్ళు తడి ఆరకముందే మాయిశ్చరైజరు దట్టంగా రాయడం, డాక్టరు ఇచ్చిన పూతమందు భయపడకుండా చెప్పినన్నాళ్ళు రాయడం, ఈ రెండూ సరిగ్గా జరిగితే సగం యుద్ధం గెలిచినట్టే. చిట్లిన చర్మం మీద స్టాఫ్ బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. అది వదిలే వీ8 అనే ఎంజైము నేరుగా నరం మీది ఒక గ్రాహకాన్ని కోసి దురద పుట్టిస్తుందని 2023లో ఎలుకల్లో తేలింది. మధ్యలో రోగనిరోధక కణాల ప్రమేయం కూడా అక్కర్లేదు దానికి. చర్మాన్ని చిట్లకుండా కాపాడమని అంతగా చెప్పేది ఇందుకే.

మోతాదు మాత్రం మీ అంతట మీరు పెంచకండి. ఎక్కువ వేస్తే మత్తు పెరుగుతుంది, దురద అలాగే ఉంటుంది.

ప్రశ్న: నాకు నరాల బలహీనత ఉంది, అందువల్లే ఇమ్యూనిటీ కూడా తగ్గిందని ఒకరు చెప్పి రెండిటికీ కలిపి ఒక పొడి ఇచ్చారు. వాడవచ్చా?

జవాబు: వాడకండి. నీరసంగా ఉన్నా, చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా అన్నిటికీ నరాల బలహీనత అనే అంటారు, అది రోగం పేరు కాదు. మీకు ఏ ఇబ్బంది ఉందో అది రాయండి, జవాబు చెబుతాను. ఇమ్యూనిటీ అంటారా, అది ఎంత ఎక్కువైతే అంత మంచిది అనుకునే సరుకు కాదు. పైన పాప సంగతి చదివారుగా, ఆ అమ్మాయి ఇబ్బందిలో చాలా భాగం ఇమ్యూనిటీ అతి చేయడం వల్ల వచ్చిందే.

ప్రశ్న: సెగగడ్డ లేచినప్పుడు విపరీతంగా సలుపుతుంది. చీము పట్టి, వాచి, అక్కడి కణజాలం నొక్కుకుపోయి నొప్పి పుడుతుందని చదివాను. కానీ నాకు వాపు ఇంకా సరిగ్గా రాకముందే నొప్పి మొదలైంది. వరస తప్పింది కదా?

జవాబు: మీరు గమనించిందే సరైన వరస, పుస్తకాలే చాలాకాలం తిరగేసి చెప్పాయి. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని రోమన్ రచయిత సెల్సస్ దాదాపు రెండు వేల ఏళ్ళ క్రితం నాలుగు లక్షణాలు రాశాడు, అందులో నొప్పి చివర రావడం చేతనో ఏమో, మొదటి మూడింటి ఫలితమే నొప్పి అని అందరం అనుకుంటూ వచ్చాం. క్రిములు వచ్చాయి, తెల్లకణాలు వచ్చి పోరాడాయి, ఆ గొడవకి నరం అరిచింది, ఇదీ కథ. 2013లో హార్వర్డ్‌లో ఐజాక్ చియు, క్లిఫర్డ్ వుల్ఫ్ తదితరులు ఎలుకల పాదంలో స్టాఫ్ బ్యాక్టీరియా ఎక్కించి గంటగంటకీ కొలిచారు. నొప్పి పెరగడం, తగ్గడం బ్యాక్టీరియా సంఖ్యతో కలిసి నడిచింది గానీ, తెల్లకణాల రాకతోనో వాపుతోనో కాదు. ఆ బ్యాక్టీరియా వదిలే ఒక విషం నరం పొరకి చిల్లులు పొడుస్తుంది, చిల్లులోంచి అయాన్లు లోపలికి దూకగానే నరం కేక పెడుతుంది. మధ్యవర్తులు లేరు.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, నొప్పి నరాలు లేకుండా చేసిన ఎలుకల్లో తెల్లకణాలు ఎక్కువగా వచ్చాయి, దగ్గర్లోని బిళ్ళలు, అదే లింఫ్ గ్రంథులు, ఇంకా పెద్దగా వాచాయి. అంటే ఆ నరం నొప్పి అని అరుస్తూనే ఇంకోపక్క రోగనిరోధక కణాలకి "నెమ్మది, నెమ్మది" అని చెబుతోంది. ఎందుకలా? పోరాటం శ్రుతి మించితే సొంత కణజాలం పాడవుతుంది కాబట్టి పగ్గం వేస్తోందని నాకు నచ్చిన వివరణ. ఆ పగ్గాన్ని వాడుకునే దొంగలూ ఉన్నారు. స్ట్రెప్టోకాకస్ పయోజీనస్ అనే బ్యాక్టీరియా ఒక విషంతో నొప్పి నరాన్ని రెచ్చగొట్టి, అది సీజీఆర్‌పీ వదిలేలా చేసి, ఆ సీజీఆర్‌పీ న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల చేతులు కట్టేస్తుంటే తాను హాయిగా పెరుగుతుందని 2018లో తేలింది, ఇదీ ఎలుకల్లోనే. మనుషుల్లో ఈ బ్యాక్టీరియా ఒక్కోసారి చర్మం కింద కణజాలాన్ని గంటల్లో తినేసే జబ్బు తెస్తుంది. దాని గుర్తు ఏమిటో తెలుసా? పైకి చర్మం మీద పెద్దగా ఏమీ కనపడదు, కొద్దిగా ఎరుపు, కొద్దిగా వాపు, నొప్పి మాత్రం భరించలేనంత. చూడబోతే ఇంతే ఉంది, ఇంత నొప్పేమిటి అనిపించిందంటే, జ్వరం కూడా ఉందంటే, పొద్దున చూద్దాంలే అనుకోకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది కుష్ఠు. ఆ బ్యాక్టీరియా నరాల్ని చుట్టి ఉండే ష్వాన్ కణాల్లోనే దూరుతుంది. మచ్చ వస్తుంది, గోకబుద్ధి కాదు, నొప్పి ఉండదు, స్పర్శే ఉండదు. నొప్పి లేదు కదా అని జనం ఏళ్ళ తరబడి ఊరుకునేది అందుకే. స్పర్శ లేని మచ్చ కనపడితే చూపించుకోవాల్సిందే, పూర్తిగా నయమయ్యే జబ్బు అది.

అన్ని నొప్పి నరాలూ ఎప్పుడూ పగ్గమే వేస్తాయనుకోకండి. చర్మం పై పొరలో కాండిడా అనే ఫంగస్ వస్తే అవే నరాలు రోగనిరోధక కణాల్ని ఉసిగొల్పుతాయి. ఎక్కడ, ఎవరితో అన్నదాన్ని బట్టి నరం మాట మారుతుంది. దీనికి ఒకే సూత్రం చెప్పమని అడిగితే నా దగ్గర లేదు.

ప్రశ్న: ఫ్లూ వచ్చినప్పుడు వైరస్ ఉండేది ముక్కులో, గొంతులో. ఒళ్ళంతా నొప్పులు, నాలుకకి రుచి లేకపోవడం, మంచం దిగబుద్ధి కాకపోవడం ఎందుకు? వైరస్ మెదడుకి ఎక్కుతుందా?

జవాబు: మామూలు ఫ్లూలో వైరస్ మెదడుకి వెళ్ళదు, కబురు వెళుతుంది. వైరస్ సోకిన చోట ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే పదార్థం తయారవుతుంది. ఇది రక్తంలో కలిసి మెదడుకి చేరి జ్వరం తెప్పిస్తుందని ఎప్పటినుంచో అనుకుంటున్నదే, అది కొంత నిజం కూడా. కానీ 2023లో హార్వర్డ్‌లోనే స్టీఫెన్ లిబర్‌లెస్ బృందం ఎలుకల్లో ఒక దగ్గరి దారి కనిపెట్టింది. ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఉండే కొద్దిపాటి నరాలు ఆ ప్రోస్టాగ్లాండిన్‌ని పసిగట్టి నేరుగా మెదడు కాండానికి చెబుతాయి. ఆ కొన్ని నరాలు పనిచేయకుండా చేస్తే, ఒంట్లో ఫ్లూ ఉన్న ఎలుకలు కూడా లేచి తిన్నాయి, తాగాయి, తిరిగాయి. ఎక్కువ బతికాయి కూడా. జబ్బుపడ్డామన్న భావన కూడా ఒక నరం మోసుకొచ్చేదే అంటే నాకు మొదట చదివినప్పుడు కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

ఒళ్ళు నొప్పుల సంగతి కొంచెం వేరు. అదే ప్రోస్టాగ్లాండిన్, దానితోపాటు తెల్లకణాలు వదిలే మరికొన్ని పదార్థాలు, నొప్పి నరాల మీటని సున్నితం చేసేస్తాయి. నరంలో టీఆర్‌పీవీ1 అనే ఒక ద్వారం ఉంటుంది, మామూలుగా 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకుంటుంది, మిరప ఘాటుకీ అదే తెరుచుకుంటుంది. డేవిడ్ జూలియస్ దాన్ని 1997లో పట్టుకున్నారు, 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. వాపు ఉన్నప్పుడు ఈ ద్వారం గడియ వదులవుతుంది, ఒంటి వేడికే తెరుచుకుంటుంది. ఎండకి కమిలిన వీపు మీద గోరువెచ్చటి నీళ్ళు పోస్తే కాలినట్టు కెవ్వుమంటాం చూడండి, అదీ ఇదే. ఆస్పిరిన్ లాంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ తయారీనే ఆపుతాయి, ఆ సంగతి 1971లో జాన్ వేన్ బయటపెట్టాడు. కాబట్టి మాత్ర వేసుకోగానే లేచి కూర్చుంటే వైరస్ చచ్చిందని కాదు, కబురు ఆగిందని. ఇంకో మాట, ఫ్లూ జ్వరంలో పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు, అరుదుగానైనా కాలేయాన్ని, మెదడుని దెబ్బతీసే జబ్బు వస్తుంది.

ప్రశ్న: మా అత్తగారికి రుమటాయిడ్ కీళ్ళవాతం. అంతకు చాలా ఏళ్ళ ముందే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ఇప్పుడు కుడిచేతి వేళ్ళ కణుపులన్నీ వాచి వంకరపోయాయి, ఎడమచేతి వేళ్ళు మాత్రం నున్నగా ఉన్నాయి. ఇదేమిటని అడిగితే మా బంధువుల్లో ఒకరు "పనిచేయని చేతికి రోగం కూడా ఎందుకు రావాలి" అని నవ్వేశారు. నిజంగా కారణం ఉందా?

జవాబు: ఉంది. నవ్వినవాళ్ళ మాటలో కూడా కాస్త నిజం ఉంది, అది చివర్లో చెబుతాను. రుమటాయిడ్ జబ్బు పద్ధతే రెండు చేతులకీ సమంగా రావడం. అలాంటిది పడిపోయిన వైపు వదిలేసి రెండో వైపే వచ్చిన రోగుల గురించి వైద్యులు ఎన్నో దశాబ్దాలుగా రాస్తున్నారు. సోరియాసిస్‌లోనూ ఇంతే, ప్రమాదంలోనో ఆపరేషన్‌లోనో నరం తెగి స్పర్శ పోయిన చోట మచ్చ మాయమైపోయి, స్పర్శ తిరిగొచ్చాక మచ్చ కూడా తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. రక్తం అదే, ఆ రక్తంలో తిరిగే కణాలూ అవే. నరం ఒక్కటే మారింది. కీలు దగ్గర నరం కొసలు వదిలే సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ వాపుకి ఆజ్యం పోస్తాయి, పక్షవాతంలో నరాల పని తీరే మారిపోతుంది కాబట్టి ఆ ఆజ్యం తగ్గుతుందన్నది ఒక వివరణ. కదలిక లేని కీలుకి ఒరిపిడి తక్కువ, కాబట్టి వాపు తక్కువ అన్నది ఇంకో వివరణ. మీ బంధువు చెప్పింది ఈ రెండోదే, నవ్వకుండా చెప్పి ఉంటే బాగుండేది. రెండూ కలిసి పనిచేస్తుండవచ్చు.

నరం ద్వారా కీళ్ళవాతాన్ని తగ్గించవచ్చా అన్న ఆలోచన ఇలాంటి చోటే పుట్టింది. మెదడు నుంచి పొట్ట దాకా దిగే వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే ఎలుకల్లో టీఎన్‌ఎఫ్ అనే వాపు పదార్థం తగ్గిందని కెవిన్ ట్రేసీ బృందం 2000లో చూపించింది. దారి కాస్త చుట్టుతిరుగుడే: వేగస్ నుంచి ప్లీహానికి వెళ్ళే నరానికి, ఆ నరం నుంచి ప్లీహంలోని కొన్ని టీ కణాలకి, అవి ఎసిటైల్‌కోలిన్ వదిలితే తెల్లకణాల్లో ఒక రకమైన మాక్రోఫేజ్‌లు టీఎన్‌ఎఫ్ తయారీ తగ్గిస్తాయి. ఎసిటైల్‌కోలిన్ అంటే నరాలు వాడే రసాయనం, దాన్ని ఇక్కడ రక్తకణం వదులుతోంది! మందులకి లొంగని రుమటాయిడ్ రోగులకి మెడలో వేగస్ పక్కన అమర్చే చిన్న పరికరానికి 2025లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అత్తగారికి ఇప్పుడున్న మందులు పనిచేస్తుంటే దాని జోలికి వెళ్ళక్కర్లేదు. మెడ మీద నొక్కితే, చెవిలో ఏదో పెట్టుకుంటే వేగస్ మేలుకుని సర్వరోగాలూ పోతాయని వీడియోలు తిరుగుతున్నాయి, వాటి మాట నమ్మి మందులు ఆపేస్తే మాత్రం ఆ కుడి చెయ్యి కూడా దక్కదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను సర్. నరాల కణాలు, రోగనిరోధక కణాలు రెండూ వేరు వేరు చోట్ల పుట్టి పెరిగినవి కదా, ఒకదాని భాష ఇంకొకదానికి ఎలా వచ్చింది?

జవాబు: మంచి ప్రశ్న, కానీ వేరు భాషలని ఎవరన్నారు? ఒకే రసాయనాలని రెండూ వదులుతాయి, రెండూ వింటాయి. తెల్లకణాలు నొప్పి తగ్గించే ఎండార్ఫిన్ వదులుతాయి, నరాలు ఇంటర్‌ల్యూకిన్‌లు వింటాయి, పైన ఎసిటైల్‌కోలిన్ చూశావు. రెండిటి పనీ ఒకటే, ప్రమాదం పసిగట్టడం. నరం సెకన్లలో చెబుతుంది, కణాలు గంటలు, రోజులు తీసుకుని ఎవరు వచ్చారో ఆరా తీసి గుర్తుపెట్టుకుంటాయి. చెయ్యి కాలగానే లాగేసుకోవడం ఒకరి పని, ఆ తర్వాత పుండు సంగతి చూసుకోవడం ఇంకొకరి పని, మాట్లాడుకోకుండా ఎలా కుదురుతుంది? పాఠ్యపుస్తకంలో రెండు అధ్యాయాలుగా విడదీసింది మనమే, చదువుకునే సౌకర్యం కోసం.

ప్రశ్న: నాన్నగారికి 67 ఏళ్ళు. నడుం పక్కన రెండు రోజులుగా మంటగా ఉందన్నారు, మూడోరోజు పొక్కులు లేచాయి, అక్కి అన్నారు. అది చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే ప్రాణానికే ప్రమాదమట, నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దు, సాధారణంగా ఆ కొసలు కలవవు. అక్కి తెచ్చేది చిన్నప్పటి ఆటలమ్మ వైరసే. ఆటలమ్మ తగ్గిపోయాక అది ఒంట్లోంచి పోదు, వెన్నెముక పక్కన ముడుల్లా ఉండే స్పర్శ నరాల కణుపుల్లో దాక్కుంటుంది. రోగనిరోధక టీ కణాలు దశాబ్దాల పాటు దాన్ని అక్కడే అదిమిపెడతాయి. యాభై దాటాక ఆ కాపలా పలచబడుతుంది, ఏదో ఒక కణుపులో వైరస్ లేచి, ఆ నరం పట్టుకుని చర్మం దాకా దిగుతుంది. ముందు మంట, తర్వాత పొక్కులు అందుకే, ప్రయాణం నరంలోనే కదా. ఒక్కో కణుపు నరం ఒంట్లో ఒక వైపు, ఒక పట్టీ మేరకే ఉంటుంది, నడుం మధ్య గీత దాటదు. పొక్కులు మధ్య గీత దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతాయి, కావాలంటే రేపు మీ నాన్నగారికి దగ్గరుండి చూడండి. అరుదుగా రెండు వైపులా వచ్చినా, అప్పుడు భయపడాల్సింది కొసలు కలవడం గురించి కాదు, రోగనిరోధక శక్తి అంతగా ఎందుకు పడిపోయిందని.

తొందర పడాల్సింది ఇంకోదానికి. పొక్కులు మొదలైన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, కాబట్టి ఈ ఉత్తరం ప్రింటయ్యే దాకా ఆగి ఉండరనే అనుకుంటున్నాను. పొక్కులు మానాక కూడా కొందరికి నెలల తరబడి మంట మిగులుతుంది, వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. అది నటన కాదు, ఆ నరం దెబ్బతిని ఊరికే కేకలు వేస్తూ ఉంటుంది, మామూలు నొప్పి మాత్రలకి వినదు, దానికి వేరే మందులున్నాయి, అడగండి. ఇంట్లో యాభై దాటిన మిగతావాళ్ళకి రెండు డోసుల టీకా ఉంది, దాని గురించి డాక్టరుతో మాట్లాడండి. పొక్కులు నుదుటి మీదో, ముక్కు కొస మీదో లేస్తే మాత్రం అది కంటికి వెళ్ళే నరం దారి. అలాంటప్పుడు చర్మ వైద్యుడి కోసం వెతుక్కోకుండా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.